పద్దెనిమిది పడవల వంతెన

పోయిన వారం పెయ్‌షాన్‌ను రెండు పడవల ముందు వదిలేశాం. రెండూ వేలెడంత ప్లాస్టిక్ పడవలు. ఒకటి తెల్లకొంగ ఫ్యాక్టరీ వాళ్ళు ఆమె చేతికిచ్చిన పెట్టెలోది. రెండోది, పెదవికి కుట్లు పడ్డ కూతుర్ని వెంటబెట్టుకుని జియెయాంగ్ నుంచి బస్సెక్కి వచ్చిన ఒక తల్లి, రుమాల్లో మూటగట్టి తెచ్చినది. దాని ముక్కు విరిగిపోయింది. విరిగిన చోట గాజుపెంకులా మొన తేలింది. ఎవరో దొంగసరుకు చేసి తెల్లకొంగ పేరు తగిలించారనుకుంది పెయ్‌షాన్. భూతద్దం తీసి రెండు పడవల కడుపులోకీ చూసింది. రెండింటిలోనూ ఒకే అచ్చు గుర్తు!

అంటే దొంగసరుకు కాదు. విరిగిన పడవా అదే అచ్చులో పుట్టింది.

చెంగ్‌హాయ్‌లో సగం జనం బొమ్మలు చేసి బతుకుతారు. మిగతా సగం వాటికి పెట్టెలు చేసి బతుకుతారు. అలాంటి చోట కూర్చుని, ఏ ప్లాస్టిక్ ఇటుకల బొమ్మ సెట్టు పిల్లలకి కొనాలో ఏది కొనకూడదో మొహమాటం లేకుండా చెప్పడం పెయ్‌షాన్ పని. ఫోన్లో వచ్చే ఆమె కార్యక్రమం పేరు 'విప్పి చూద్దాం'. ఎంత మాట్లాడినా చివర్న ఒక్కటే తీర్పు. 'కొనండి', లేకపోతే 'వద్దు'.

తెల్లకొంగ వాళ్ళ వంతెన సెట్టుకి రెండు వారాల కింద ఆమె 'కొనండి' అంది. ఆ మాట పట్టుకునే తమ ఊరు హౌపులోని కిండర్‌గార్టెన్ వాళ్ళు జూన్ ఒకటిన, పిల్లల పండగకి, ప్రతి పిల్లకీ ఒక పెట్టె పంచాలనుకున్నారు. ఆ జూన్ ఒకటి ఇవాళే. సాయంత్రం ఐదింటికి బడి వేదిక మీద నుంచి ఆమె ప్రత్యక్ష ప్రసారం. ఆమె మాట చెప్పాక పెట్టెలు విప్పుతారు.

మాట నిలబెట్టుకుంటే ఇంకో పిల్ల పెదవి తెగొచ్చు. వెనక్కి తీసుకుంటే, ఇటుకను ఎలా నొక్కి చూడాలో తనకి నేర్పిన జువాంగ్ బాబాయ్ తెల్లకొంగ ఫ్యాక్టరీ మూతపడుతుంది.

నాలుగు దాటింది. పెయ్‌షాన్ జువాంగ్ టీ బల్ల ముందు కూర్చుని ఉంది.

బల్ల మీద మూడే కప్పులు. మనుషులు ఎందరున్నా మూడే. ముసలాయన మరిగే నీళ్ళతో కప్పులు తొలిచి, ఆకు మీద నీళ్ళు వంచి, మూడు కప్పుల మీదుగా గుండ్రంగా తిప్పుతూ టీ పోశాడు. ముఖం వాడిపోయి ఉంది.

"తీసుకో అమ్మాయ్."

ఆమె చెయ్యి చాపేలోపే పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. ఆయన అల్లుడు జియెమింగ్ తనే ఒక కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. అతిథి తాగకముందు ఇంటివాడు తాగడం ఈ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెయ్యరు. ముసలాయన కళ్ళెత్తి చూశాడు.

"నాన్చడం నాకు చేతకాదు పెయ్‌షాన్," అన్నాడు జియెమింగ్. "తప్పు మాదే. ఒప్పుకుంటున్నాం. సరేనా?"

"ఏం తప్పు బావా?"

"తుక్కు కలిసింది. పాత ముక్కలు పొడి చేసి బస్తాల్లో ఉంచుతాం కదా, బకెట్లకీ బేసిన్లకీ. పనివాడు పొరపాటున ఆ బస్తా వంతెన మెషీన్లో పోశాడు. తుక్కు కలిస్తే పడవ పెళుసు. అంతే కథ. వాణ్ణి పనిలోంచి తీసేశాను కూడా."

"ఎవర్ని?"

"గువోని."

ముసలాయన టీ కుండ కిందపెట్టాడు. "గువోని తీసేశావా? నాకు చెప్పకుండా?"

"మీకు చెబితే తియ్యనిస్తారా మామయ్యా? ముప్పై ఏళ్ళ నుంచి ఉన్నాడంటారు. కళ్ళు కనబడనివాడు మెషీన్ దగ్గర ఎందుకు?"

పెయ్‌షాన్ సంచిలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. వంతెన పెట్టెలో పద్దెనిమిది పడవలూ విడిగా ఒక కవరులో ఉంటాయి. జియెయాంగ్ తల్లి తెచ్చింది ఆ కవరే. సీలు వేసిన అంచు మీద మెషీన్ ముద్ర ఉంది.

"దీని మీద మార్చి తొమ్మిది అని ఉంది. ఆ రోజు మెషీన్ మీద ఎవరున్నారో గుర్తుందా బావా?"

"గుర్తు లేకేం? మార్చి తొమ్మిదే. మూడో మెషీన్, పగలు షిఫ్టు, గువో. నేనే పక్కన నిలబడి ఉన్నా. నువ్వు సాయంత్రం ఒక మాట చెప్పు చాలు. ఒక్క రోజు సరుకులో పొరపాటు జరిగింది, ఆ పడవలు మార్చి ఇస్తారు, మిగతావి బంగారం, కొనండి అని. ఫ్యాక్టరీ నిలబడుతుంది. నీ మాటా నిలబడుతుంది."

వినడానికి బాగానే ఉంది. నిన్న కిండర్‌గార్టెన్ గోడౌన్లో చేతికందిన పెట్టెలు తనే విప్పి చూసింది. ఏ పడవా విరగలేదు. పైగా ఈ సెట్టుని ఊరికే మెచ్చుకోలేదు తను. ఏ సెట్టు వచ్చినా మూడే ప్రశ్నలు అడుగుతుంది పెయ్‌షాన్. పట్టు ఉందా? పళ్ళ అవసరం లేకుండా ఊడుతుందా? పెట్టె మీది బొమ్మ కట్టేశాక, రెండో రోజు పిల్ల దాన్ని మళ్ళీ ముట్టుకుంటుందా? మూడో ప్రశ్న దగ్గరే చాలా సెట్లు చచ్చిపోతాయి. ఒకసారి కట్టి, ఫోటో తీసి, బీరువా మీద పెట్టేసేదాన్ని బొమ్మ అనరు, అలంకారం అంటారు అనేది ఆమె వాదన.

ఈ వంతెన అలా కాదు. మధ్యలో పద్దెనిమిది పడవలు వరసగా నిలబడి దారి అవుతాయి. ఓడ వస్తే పడవల్ని లాగేసి దారి తియ్యాలి, పోయాక మళ్ళీ కట్టాలి. ఆరేళ్ళ ఆయిన్, పెయ్‌షాన్ కూతురు, మొదటి రోజు వంతెన కట్టింది. రెండో రోజు పడవలు పీకి తేనెపట్టు కట్టింది. మూడో రోజు తెడ్లున్న బస్సు కట్టింది. బస్సుకి తెడ్లెందుకే అని అడిగితే, "వానాకాలం అమ్మా, నీకేం తెలీదు!" అంది. ఆ రోజే పెయ్‌షాన్ 'కొనండి' అనేసింది, నిండు మనసుతో.

అదే మాట ఇవాళ మళ్ళీ అనమంటున్నాడు బావ.

"మైకు ముందు నేనే మాట్లాడతా," అన్నాడు జువాంగ్. "ఆ పిల్ల తల్లికి అందరి ముందూ తలవంచి దణ్ణం పెడతా. గువో తప్పు నా తప్పే."

"మీరెందుకు మామయ్యా, ఈ వయసులో..."

తలుపు తోసుకుని జువాంగ్ భార్య వచ్చింది. చేతిలో ఎర్ర పిండివంటల పళ్ళెం, చంకలో ఫోను. గట్టి మనిషి. గొంతు ఇంకా గట్టి.

"ముగ్గురూ చావింటి ముందు కూర్చున్నట్టు కూర్చున్నారేమిటి? పెయ్‌షాన్, తిను. నీ మొగుడు నీకు తిండి పెట్టడం లేదా, చీపురుపుల్లలా అయ్యావు?"

"పెడుతున్నాడు పిన్నీ. నిన్న రాత్రి పడవ సంగతి చెబుతుంటే కూడా 'ముందు తిను, ముందు తిను' అనే గొడవ."

"వెన్‌కాయ్ బంగారం. ఆ నీలం బండీ, దాని నెత్తి మీద బాతూ! దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది వస్తున్నాడని."

పెయ్‌షాన్‌కి అంత దిగులులోనూ నవ్వొచ్చింది. వెన్‌కాయ్ ఫ్యాక్టరీల అచ్చులు బాగుచేస్తాడు, తన చిన్న లారీ బండి మీద మోస్తాడు. ఆ బండి క్యాబిన్ మీద ఆయిన్ పసుపు ఇటుకలతో బాతు కట్టి జిగురుతో అంటించింది. చెంగ్‌హాయ్‌లో అలాంటి బండి ఇంకోటి లేదు.

"ఇదిగో, ఇది చూడు, మనసు కుదుటపడుతుంది." పిన్ని ఫోను ఆమె ముక్కు దగ్గర పెట్టింది. "నా మనవరాలు. పూలబుట్ట పట్టుకుని దేవుడి ముందు ఎలా నడుస్తోందో! ఆ బుగ్గల మీద రంగు నేనే పూశా. వీడున్నాడే, దీని కన్నతండ్రి," అని జియెమింగ్ వైపు గడ్డం విసిరింది, "కూతురు దేవుడి ముందు నడిచే రోజున కూడా ఊళ్ళో లేడు. గ్వాంగ్‌జౌలో ఎవడో బేరగాడట!"

ఎర్ర చొక్కా వేసుకున్న చిన్నపిల్ల. వెనక పల్లకీ. బాణసంచా పొగ. చక్కటి ఫోటో. పెయ్‌షాన్ "బాగుంది పిన్నీ" అని ఫోను తిరిగి ఇవ్వబోయింది.

ఇవ్వలేదు.

ఫోటో పైన ఫోను తనంతట తాను వేసుకున్న తేదీ ఉంది. మార్చి 9.

"పిన్నీ, ఇది ఏ రోజు?"

"ఏ రోజేమిటే? మొదటి నెల ఇరవై ఒకటి. మన దేవుడు బయటికొచ్చిన రోజు. ఆ మాత్రం తెలీదూ?"

తెలుసు. హౌపులో అందరికీ తెలుసు. చాంద్రమానం మొదటి నెల ఇరవై ఒకటిన హౌపు దేవుడు పల్లకీ ఎక్కుతాడు. పక్కూరి దేవుడిది వేరే రోజు, ఆ పక్కూరిది ఇంకో రోజు. ఎవరి దేవుడు వాళ్ళది. దేవుడి తేదీలు ఎవరైనా చాంద్రమానంలోనే చెప్పుకుంటారు. సరుకు తేదీలు మాత్రం మామూలు క్యాలెండర్లో. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఎవరికీ రాదు.

ఇప్పుడు వచ్చింది.

 పెయ్‌షాన్ ఫోనుని బల్ల మీద, కవరు పక్కన పెట్టింది. రెండు తేదీలూ పక్కపక్కన.

"బాబాయ్, ఇరవై ఒకటిన మన ఫ్యాక్టరీలో మెషీన్ తిరిగిందా?"

ముసలాయన నవ్వినంత పని చేశాడు. "పిచ్చి ప్రశ్న! దేవుడు వీధిలో ఉండగా మెషీనా? ముందు రోజే అచ్చులన్నీ దింపి, నూనె రాసి అరల్లో పెట్టించాం. కరెంటు మెయిన్ మీట కిందికి లాగి, ఎర్రదారం కట్టింది నేనే. మర్నాడు పొద్దున్న విప్పింది నేనే. నలభై ఏళ్ళుగా అంతే."

ఆ మాట నోటి నుంచి పూర్తిగా బయటపడ్డాక ఆయన ఆగిపోయాడు. కవరు వైపు చూశాడు. ఫోను వైపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అల్లుడి వైపు తిరిగాడు.

"మూడో మెషీన్," అన్నాడు. "పగలు షిఫ్టు. గువో. పక్కన నువ్వు నిలబడి ఉన్నావు. కరెంటు లేని మెషీన్ పక్కన."



"గువో ఆ రోజు నాతో పాటు పల్లకీ మోశాడురా!" ముసలాయన గొంతు గదిలో మోగింది. "భుజం కమిలిపోతే మీ అత్తే మందు రాసింది!"

"రాశాను," అంది పిన్ని. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. "ఒరేయ్ జియెమింగ్, నువ్వు గ్వాంగ్‌జౌలో కదా ఉన్నావు?"

 టీ నీళ్ళు మరుగుతూ ఉన్నాయి.

"పక్కూళ్ళో, దోంగ్‌వేయ్‌లో ఉన్నాను," అన్నాడు జియెమింగ్ చివరికి. "ఆర్డరుకి పడవలు చాలలేదు. పెట్టెకి పద్దెనిమిది మామయ్యా, పద్దెనిమిది! మిగతా ఇటుకలన్నీ అయిపోయాయి, పడవల కోసం పెట్టెలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఒక్క రోజు మెషీన్ వెయ్యనివ్వండి అని మిమ్మల్ని అడిగితే ఏమన్నారు? 'దేవుడికి చెప్పుకో పో' అన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"దోంగ్‌వేయ్ దేవుడు అప్పటికే ఊరేగి గుళ్ళోకెళ్ళిపోయాడు. అక్కడ అది మామూలు పనిరోజు. ఇక్కడ అందరూ వీధిలో ఉన్నారు, అచ్చు అరలో ఉంది. పడవల అచ్చు పొద్దున్న వెళ్ళింది, చీకటి పడేలోగా వచ్చేసింది. ఎవరూ గమనించని రోజు ఏడాదికి అదొక్కటే. వాళ్ళు తుక్కు కలుపుతారని నాకు తెలీదు. నా కూతురి మీద ఒట్టు, తెలీదు."

"అచ్చు నడిచి వెళ్ళిందా?" అంది పెయ్‌షాన్. "ఇద్దరు మనుషులు కదిలించలేని ఇనుము. ఎవరు మోశారు బావా?"

జియెమింగ్ ఆమె వైపు వింతగా చూశాడు. జాలిపడ్డట్టు చూశాడు.

"అది మాత్రం అడక్కు."

అడిగేదే. కానీ అంతకన్నా అర్జెంటు ప్రశ్న ఒకటి ఆమె నోటికి అడ్డం పడింది.

"ఆ రోజు తీసిన పడవలన్నీ షాపులకే వెళ్ళాయా?"

జియెమింగ్ ఖాళీ కప్పుని బల్ల మీద తిప్పాడు.

"బావా!"

"మిగిలినవి మన గోడౌన్లో ఒక మూల ఉంచాను. ఒక పడవ విరిగిందని తెలిశాక పారేద్దామనుకున్నా. ఇవాళ పొద్దున్న కిండర్‌గార్టెన్ వాళ్ళు ఫోన్ చేసి ఇంకో తరగతి పిల్లలు ఉన్నారు, ఇంకొన్ని పెట్టెలు పంపండి అన్నారు. నేను ఊళ్ళో లేను. ప్యాకింగ్ అమ్మాయిలు చేతికి దొరికిన పడవలు వేసి..."

పెయ్‌షాన్ అప్పటికే లేచి నిలబడింది.

ఆయిన్ చదివేది ఆ కిండర్‌గార్టెన్లోనే.

ప్రధానోపాధ్యాయురాలికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. క్లాసు టీచరుకి చేసింది. ఎత్తింది గానీ అవతల డప్పులు, పాటలు. "ఆఁ? ఆఁ? పెయ్‌షాన్ గారా? తొందరగా రండి, పిల్లలు ఆగడం లేదు!" అని పెట్టేసింది.

ఆమె స్కూటరు తిప్పేసరికి వెనక సీటు బరువెక్కింది. జువాంగ్ బాబాయ్ ఎక్కి కూర్చున్నాడు, ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే.

"బాబాయ్, మీరు..."

"పోనీ! ఆ అచ్చు నాది!"

వెనక నుంచి పిన్ని అరుస్తోంది, "ముసలోణ్ణి పడేస్తావే! నెమ్మదే!" అని. నెమ్మదిగా వెళ్ళే రోజు కాదది. పెట్టెల ఫ్యాక్టరీ దాటింది. రంగుల కొట్టు దాటింది. లారీకీ గోడకీ మధ్య పిల్లి కూడా దూరని సందులోంచి దూరింది. వెనక ముసలాయన ఏవో దేవుళ్ళ పేర్లు చదువుతున్నాడు. హౌపు దేవుడితో మొదలుపెట్టి దోంగ్‌వేయ్ దేవుణ్ణి కూడా కలుపుకున్నాడు.

కిండర్‌గార్టెన్ గేటు నిండా బెలూన్లు. లోపల రంగురంగుల టోపీలు, అరుపులు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న తల్లులు. వేదిక మీద ఆమె కోసం పెట్టిన కెమెరా ఎర్ర దీపం వెలిగి ఉంది. ప్రసారం మొదలైపోయింది. టీచర్లు ఆగమన్నారు గానీ పిల్లలు ఎప్పుడు ఆగారు గనక? సగం పెట్టెలు విప్పేసి ఉన్నాయి. నేల మీద వంతెనలు లేస్తున్నాయి. పడవలు లాగుతున్నారు, కడుతున్నారు, కొట్టుకుంటున్నారు.

ఆయిన్ ఎక్కడ?

వేదిక ముందే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని పక్కపిల్లకి పాఠం చెబుతోంది.

"అలా రాదే, గట్టిగా ఉంది. కొరుకు."

"నువ్వు కొరుకు!"

"నాకు ముందు పళ్ళు ఊడిపోయాయి కదా! ఉంటే నేనే కొరికేదాన్ని. నీకున్నాయిగా, కొరుకు!"

ఆ పిల్ల పడవ ముక్కుని పళ్ళ మధ్య పెట్టుకుంది.

పెయ్‌షాన్ మనుషుల మీద నుంచి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. వెళ్ళి పడవని లాగేసింది. అది చేతిలోనే టప్పున విరిగింది. మొన బొటనవేలి తోలు చీల్చింది. పిల్ల పెదవికి గీత కూడా పడలేదు.

"అమ్మా! మా పడవ విరగ్గొట్టేశావు!" అంది ఆయిన్ నడుం మీద చెయ్యి పెట్టుకుని.

ఇప్పుడు 'ఆగండి!' అని అరిస్తే పిల్లలు భయపడతారు, తల్లులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు. అటూ ఇటూ తొక్కిసలాట.  పెయ్‌షాన్ వేదిక ఎక్కింది. మైకు అందుకుంది.

"పిల్లలూ! ఓడొస్తోంది! పేద్ద ఓడ! దారి తియ్యాలి! పడవలన్నీ పీకేసి ఈ బుట్టలో వెయ్యండి! చేత్తోనే పీకాలి, పళ్ళు పెట్టినవాళ్ళు ఓడిపోయినట్టే! చూద్దాం ఏ తరగతి ముందో!"

 వరదే!

వందల చేతులు. టప టప టపా బుట్టలో పడవలు. టీచర్లు బుట్టలు మోయలేక మోస్తున్నారు. "పెద్ద తరగతి! పెద్ద తరగతి!" అని ఒక వైపు, "చిన్న తరగతి ముందు!" అని ఇంకో వైపు కేకలు. ఒక తాతగారు ఉత్సాహం ఆపుకోలేక మనవరాలి పడవ తనే పీకి పరుగెత్తాడు. "తాతా, మోసం!" అని వెనకే మనవరాలు. రెండు మూడు పడవలు చేతుల్లోనే విరిగాయి. టీచర్లు అప్పటికే కళ్ళతోనే విషయం గ్రహించారు. విరిగిన ముక్కలు ఏరి జేబుల్లో వేసుకున్నారు. ఒక్క పిల్లా ఏడవలేదు.

ఆఖరి పడవ బుట్టలో పడ్డాక పెయ్‌షాన్ కెమెరా వైపు తిరిగింది. బొటనవేలి నుంచి నెత్తురు మైకు మీదికి కారుతోంది.

"రెండు వారాల కింద ఈ వంతెన కొనండి అన్నాను. ఇవాళ వద్దు అంటున్నాను," అంది. "కొన్నవాళ్ళు పడవలు తీసి పక్కన పెట్టండి. ఇప్పుడే, ఇది వింటూనే. బొమ్మ మంచిదే. ఇంత మంచి ఆలోచన ఈ మధ్య నేను చూడలేదు. కానీ పిల్ల నోట్లో పెట్టుకునే వస్తువుకి ఆలోచన ఒక్కటే చాలదు. నాకు మూడు ప్రశ్నలుండేవి. ఇవాళ్టి నుంచి నాలుగు. మంచి పెట్టె ఒకటి నా చేతికిచ్చారు, అది చూసి చెప్పాను. మీ చేతికొచ్చే పెట్టె కూడా అదేనా? నాలుగోది అదే. ఇక నుంచి ఎవరిచ్చిన పెట్టెనూ విప్పను. మీలాగే షాపులో కొని విప్పుతాను."

జనంలో గుసగుస లేచింది. ఒక తల్లి గట్టిగా అరిచింది, "తెల్లకొంగ వాళ్ళేమంటారు మరి?"

జువాంగ్ రబ్బరు చెప్పులు వేదిక మెట్ల దగ్గర విడిచి పైకొచ్చాడు. పెయ్‌షాన్ ఆపబోయింది. ఆయన మైకు తీసుకున్నాడు.

"ఆ అచ్చు నాది," అన్నాడు. "పని చేసింది ఇంకో చోట, కానీ అచ్చు నాది. పెట్టె మీద పేరు నాది. ఆఖరి పడవ వెనక్కి వచ్చేదాకా నా మీట కిందికే ఉంటుంది. దారం నేనే కడతా. గువో అనే మనిషి మీద నింద పడింది, అది అబద్ధం. రేపు పొద్దున్నే వాడింటికి వెళ్ళి పిలుచుకొస్తా." ఒంగి, చాలాసేపు తల ఎత్తలేదు.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు కొట్టారు. ఆయిన్ అందరికన్నా గట్టిగా కొట్టింది, ఎందుకో తెలియకపోయినా.

 పెయ్‌షాన్ వేదిక అంచున కూర్చుంది. నెత్తురు వేలిని రుమాల్లో చుట్టుకుంది. గెలిచినట్టే ఉంది. పిల్లలు క్షేమం. తన మాట తన దగ్గరే ఉంది. ముసలాయన తల వంచినా నడుం విరగలేదు.

ఫోను మోగింది. పిన్ని నుంచి ఆ ఊరేగింపు ఫోటో, కింద ఒక మాట. 'దాచుకో. పోలీసులు అడిగితే పనికొస్తుంది.'

తెరిచింది. ఇందాక తేదీ తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు వేళ్ళతో పెద్దది చేసింది. మనవరాలు, పూలబుట్ట, పల్లకీ. పల్లకీ వెనక పొగ. పొగ వెనక, ఊరేగింపు దారిస్తే పోదామని సందు మొగలో ఆగి ఉన్న ఒక చిన్న లారీ. దాని మీద ఎర్రగుడ్డ కప్పిన బరువేదో ఉంది.

నీలం లారీ. క్యాబిన్ నెత్తి మీద పసుపు బాతు.

మొదటి నెల ఇరవై ఒకటి. ఆ రోజు ఆయిన్ ఏడ్చింది. నాన్న భుజాలెక్కి దేవుణ్ణి చూడాలని. నాన్న చావ్‌జౌ వెళ్ళాడమ్మా, ఉక్కు కొనడానికి, రాత్రికి గానీ రాడు అని తనే సముదాయించింది.

ముందు తిను. ముందు తిను.

"నాన్నొచ్చాడు!" ఆయిన్ గేటు వైపు దూకింది. "నాన్నా! మేమే గెలిచాం! పెద్ద తరగతి!"

గేటు బయట నీలం బండి ఆగింది. వెన్‌కాయ్ దిగి, కూతురి కోసం చేతులు చాపాడు. ఆయిన్ సగం దూరం పరుగెత్తి టక్కున ఆగిపోయింది. నాన్న ముఖం చూడలేదు. తలెత్తి బండి పైకప్పు వైపు చూసింది.

"నాన్నా, నా బాతేది?"

పైకప్పు మీద బాతు లేదు. పీకిన చోట జిగురు మరక తెల్లగా, కొత్తగా మెరుస్తోంది.